కనిపించిన మొక్కకల్లా ఫోటోనా, ఒకే చెట్టును ఏడాదంతా చూడడమా?

కోరంగి మడ అడవిలో చెక్కవంతెన మీద నడుస్తూ ఐనాచురలిస్ట్‌లో (మొక్కల, జీవుల ఫోటోలు పెడితే మిగతావాళ్లు పేరు గుర్తించే యాప్) నేను మొదట పెట్టిన ఫోటో మడచెట్టుది. ఆకులు పైనుంచే తీశాను. గుర్తింపు 'అవిసెన్నియా' అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు దాకా వచ్చి ఆగిపోయింది. అందులో తెల్లమడో నల్లమడో ఎవరూ తేల్చలేదు. మళ్లీ వెళ్లినప్పుడు పడవాయన అడిగారు, "ఆకు తిరగేసి చూశారాండీ?" అని. తెల్లమడ ఆకు అడుగున బూడిద పూసినట్టు తెల్లగా ఉంది, కొన సన్నం. నల్లమడ ఆకు కొన గుండ్రంగా ఉంటుంది, పువ్వు కూడా పెద్దది. అప్పటినుంచి ఆకు అడుగు, పువ్వు, బెరడు, మొత్తం చెట్టు విడివిడిగా తీస్తున్నాను.

2008లో మొదలైన ఐనాచురలిస్ట్‌లో తేదీ, చోటు, ఫోటో ఉండి, గుర్తించినవాళ్లలో మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి పేరు చెబితే అది 'రీసెర్చ్ గ్రేడ్' అవుతుంది. లైసెన్సు అనుమతిస్తే అక్కడినుంచి జీబీఐఎఫ్ అనే ప్రపంచ జీవవైవిధ్య సమాచార భాండారానికి చేరి పరిశోధకుల చేతికి అందుతుంది. ఏ మొక్క ఎక్కడ ఉందో, గుర్రపుడెక్క ఏ కాలవలోకి పాకిందో చెప్పడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు తెలియదు.

కానీ మన గోదావరి డెల్టాకు ఇందులో పెద్ద చిక్కుంది. నాటిన మొక్కలకు ఆ గ్రేడ్ రాదు. కోనసీమ కొబ్బరి, పెరటి మామిడి, గట్టు మీద వేసిన టేకు, అన్నీ పక్కకు పోతాయి. పైగా ఫోటోలన్నీ దారి పక్కనే పోగవుతాయి. వంతెన దగ్గర వంద ఫోటోలున్నంత మాత్రాన లోపలి పాయల్లో ఆ చెట్టు లేదని కాదు, అక్కడికి మనిషి వెళ్లలేదంతే.

చెట్ల రుతుమార్పులను జనమే నమోదు చేసే సీజన్‌వాచ్ పద్ధతి వేరు. ఒక చెట్టును ఎంచుకుని వారం వారం చూసి ఆకు, పూత, కాయ 'లేవు', 'కొన్ని', 'ఎక్కువ' అని రాయాలి. పెరటి మామిడైనా పనికొస్తుంది. నాకు అన్నిటికంటే విలువైనది ఆ 'లేవు' అన్న మాట. పూత లేని వారం ఎవరూ ఫోటో తీయరు. అది రాసి ఉంటేనే ఈ ఏడు పూత ముందొచ్చిందో ఆలస్యమైందో తేలుతుంది. ఓపిక కావాలి, రెండు నెలలకే చాలామంది మానేస్తారు.

హెర్బేరియం నమూనా (ఎండబెట్టి కాగితానికి అంటించి దాచిన కొమ్మ) సంగతంటారా, పేరు మీద తగాదా వస్తే తీర్పు దానిదే. అయితే కోరంగి అభయారణ్యం, అనుమతి లేకుండా కొమ్మ తుంచకూడదు.

ఒక్కటే చేయగలిగితే నా ఓటు వారం వారం చూసే చెట్టుకే. డెల్టాలో చెట్టు లేని వాకిలి అరుదు.