9:1 ట్రాన్స్‌ఫార్మర్: వైండింగ్‌లు కలిపి చుట్టాలా, విడివిడిగానా?

షార్ట్‌వేవ్ రేడియోకు కట్టే పొడవాటి తీగ, అంటే లాంగ్ వైర్ యాంటెనా, ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అది చూపే అడ్డు) ఒకచోట నిలవదు. ఫ్రీక్వెన్సీని బట్టి పదుల ఓమ్‌ల నుంచి వేల దాకా మారుతూ ఉంటుంది. యాంటెనా నుంచి రేడియోకు వెళ్లే కోయాక్స్ కేబుల్ మాత్రం 50 ఓమ్‌లు. అందుకే మధ్యలో 9:1 ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు: చుట్ల నిష్పత్తి 3:1, దాని వర్గం 9, కాబట్టి 450 ఓమ్‌లు 50గా కనిపిస్తాయి. ఎలా చూసినా ఇది రాజీయే.

ఎక్కువమంది చేసేది ఆటోట్రాన్స్‌ఫార్మర్, అంటే రెండు వైపులకూ ఒకే వైండింగ్ ఉండేది. మూడు వైర్లు కలిపి టొరాయిడ్ (గాజులాంటి గుండ్రటి కోర్) మీద తొమ్మిది చుట్లు చుట్టి, ఒకదాని చివరను ఇంకోదాని మొదలుకు కలుపుతారు. చుట్టడం తేలిక, కప్లింగ్ గట్టిగా ఉంటుంది, ట్రాన్స్‌మిట్ చేసేవాళ్లకు బాగా పనికొస్తుంది. కానీ యాంటెనా గ్రౌండ్, కోయాక్స్ షీల్డ్ (కేబుల్ చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఇందులో ఒకటే. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు పుట్టించే రొద షీల్డ్ బయటి వైపు మీదుగా నడిచి వచ్చి, నేరుగా యాంటెనా సర్క్యూట్‌లో కలుస్తుంది.

రెండో పద్ధతిలో ప్రైమరీ (కోయాక్స్ వైపు వైండింగ్), సెకండరీ (యాంటెనా వైపుది) వేరువేరు. యాంటెనా వైపు గ్రౌండ్ రాడ్ విడిగా దిగుతుంది, షీల్డ్‌ను దానికి కలపరు. రెంటి మధ్య కొద్దిపాటి కెపాసిటెన్స్ మిగులుతుంది కాబట్టి రొద పూర్తిగా ఆగదు, బాగా తగ్గుతుంది. వినడానికే అయితే నా ఓటు దీనికే. షార్ట్‌వేవ్‌లో బయటి నాయిసే ఎక్కువ కాబట్టి మ్యాచింగ్ కొంచెం తప్పి సిగ్నల్ కాస్త తగ్గినా నష్టం లేదు, రొద తగ్గితే స్టేషన్ పైకి తేలుతుంది.

కోర్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు. చేతికందింది కదా అని ఎర్ర రంగు ఐరన్ పౌడర్ కోర్ టీ130-2 వాడితే, తొమ్మిది చుట్లకు వచ్చే ఇండక్టెన్స్ సుమారు 0.9 మైక్రోహెన్రీ. 3 మెగాహెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్ (సిగ్నల్‌కు కాయిల్ చూపే అడ్డు) 17 ఓమ్‌లే, అంటే సిగ్నల్‌లో చాలాభాగం గ్రౌండ్‌లోకే పోతుంది. 50 ఓమ్‌ల వైపు కనీసం 200 ఓమ్‌ల రియాక్టెన్స్ కావాలి. ఆటోట్రాన్స్‌ఫార్మర్‌కు ఎఫ్‌టీ140-43 ఫెర్రైట్ టొరాయిడ్ సరిపోతుంది. విడి వైండింగ్‌లకు రెండు రంధ్రాల బీఎన్-73-202 ఇంకా మేలు: ప్రైమరీ మూడు చుట్లు, సెకండరీ తొమ్మిది చుట్లతో మీడియం వేవ్ నుంచే పనిచేస్తుంది. ఒక రంధ్రంలోంచి వెళ్లి రెండోదాంట్లోంచి తిరిగొస్తేనే ఒక చుట్టు.

రంధ్రాల అంచులు వైర్ మీది ఎనామెల్‌ను గీసేస్తాయి. డబ్బాలో బిగించేముందు రెండు వైండింగ్‌ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. బీప్ వినిపిస్తే విప్పి మళ్లీ చుట్టాల్సిందే.