శంషాబాద్ నుంచి గన్నవరం: ఇంకో విమానమా, కారా?

అమెరికా నుంచి సెలవులకు వచ్చేవాళ్లు టికెట్లు చూసుకునే రోజుల్లో ఈ ప్రశ్న నాకు తప్పదు. శంషాబాద్‌లో దిగాక గన్నవరానికి మళ్లీ విమానం ఎక్కాలా, కారు మాట్లాడుకోవాలా?

గాల్లో దూరం 265 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) అయినా గంటలో దింపేస్తుంది. రోడ్డు మీద అయితే ఔటర్ రింగ్‌రోడ్డు ఎక్కి, పెద్దఅంబర్‌పేట దగ్గర దిగి, సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా బెజవాడ దాటి వెళ్లాలి. దాదాపు 300 కిలోమీటర్లు, ఐదు గంటల పైమాటే. ఇంతవరకే చూస్తే విమానానికి తిరుగులేదు.

కానీ ఆ గంటకు ముందు ఇమిగ్రేషన్, పెట్టెల కోసం పడిగాపులు, కస్టమ్స్, మళ్లీ డొమెస్టిక్ చెకిన్ ఉంటాయి. టెర్మినల్ ఒకటే కాబట్టి ఊరు దాటే పని లేదు గానీ, రెండు విమానాల మధ్య నాలుగు గంటలైనా లేకపోతే గుండె దడే. పైగా గల్ఫ్ మీదుగా వచ్చేవి చాలావరకు అపరాత్రి వేళ దిగుతాయి, గన్నవరం విమానానికేమో తెల్లారాలి. ఆలోగా కారు కోదాడ దాటుతుంది.

అసలు తేల్చాల్సింది మాత్రం టైము కాదు, టికెట్టు. అమెరికా టికెట్టు మీద మామూలుగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు వస్తాయి. డొమెస్టిక్ టికెట్టు విడిగా కొంటే సాధారణంగా 15 కిలోలే. మిగతా 31 కిలోలకు కిలో లెక్కన కట్టాలి. నలుగురున్న కుటుంబానికి ఆ డబ్బుతో కారు వచ్చేస్తుంది, ఇంకా మిగులుతుంది కూడా. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, విడి టికెట్టు కాబట్టి ఎవరూ పూచీ పడరు. అదే గన్నవరం దాకా ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే సామాను పరిమితి చాలావరకు అలాగే కొనసాగుతుంది, విమానం తప్పినా ఎయిర్‌లైన్ వాళ్లే ఇంకోదాంట్లో ఎక్కించాలి. అలా దొరికితే విమానమే ఎక్కండి. లేదంటే నా ఓటు కారుకే.

డిసెంబరు, జనవరిల్లో గన్నవరం మీద పొద్దున్నే పొగమంచు. విమానం కాసేపు గాల్లో చక్కర్లు కొట్టి వెనక్కి రావడం కొత్తేమీ కాదు. రోడ్డు మీదా మంచు ఉంటుంది, కాకపోతే కారు ఓ దాబా దగ్గర ఆగగలదు. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు మాత్రం పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరే కార్లు చూశాక నేను కూడా విమానం వైపే మొగ్గుతాను.

రైలంటే సికింద్రాబాద్ దాకా పెట్టెలతో ఊరంతా దాటాలి. బస్సుకు ఎల్బీనగర్ వెళ్లాలి. ఒంటరిగా, చేతిసంచితో వచ్చేవాళ్లకు సరే.

గుంటూరు, నరసరావుపేట వాళ్లకు అసలు గన్నవరం ఎందుకు? నార్కట్‌పల్లి దగ్గర మలుపు తీసుకుని మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా పోవచ్చు. గుడివాడ, ఏలూరు వాళ్లకైతే గన్నవరం దగ్గరే.

కారు మాట్లాడేటప్పుడు ఒక్కటి గట్టిగా అడగండి: డ్రైవరు ఆ సాయంత్రమే బెజవాడ నుంచి బయల్దేరి వచ్చినవాడా, హైదరాబాద్‌లో నిద్రపోయి లేచినవాడా? మొదటి రకమైతే, అతను మీ బావమరిదే అయినా సరే, వద్దనండి.