పదకొండేళ్లుగా కారులో ‘ఫ్రెష్ ఎయిర్’

ఫిలడెల్ఫియా దగ్గరికి మారిన కొత్తలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని రేడియో తిప్పుతుంటే తగిలింది ‘ఫ్రెష్ ఎయిర్’ అనే ఇంటర్వ్యూల కార్యక్రమం. ఇక్కడి డబ్ల్యూహెచ్‌వైవై స్టేషన్ తయారు చేస్తుంది, అమెరికా పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ దేశమంతా వినిపిస్తుంది. టెర్రీ గ్రాస్ 1975 నుంచి నడుపుతున్నారు; 2023లో టోన్యా మోస్లీ కూడా తోడయ్యారు. పదకొండేళ్లుగా వింటున్నాను, ఇప్పుడు ఎక్కువగా పాడ్‌కాస్ట్‌లోనే.

మన టీవీ చర్చల్లో ఆరు కిటికీలు, ఆరు అరుపులు. ఇక్కడ రెండే గొంతులు. చాలాసార్లు అతిథి ఎదురుగా కూడా ఉండరు, వేరే ఊళ్లో స్టూడియో నుంచి మాట్లాడతారు. అయినా పక్క గదిలో ఎవరో కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది.

ఉగ్రవాదం విషయానికొస్తే, ఏళ్ల తరబడి దాని వెంటే తిరిగి వార్తలు రాసిన విలేకరులను పిలుస్తారు. 9/11కు ముందు సీఐఏ తనకు తెలిసిన సంగతులు ఎఫ్‌బీఐతో సరిగ్గా పంచుకోలేదన్నది లారెన్స్ రైట్ లాంటివాళ్ల వల్లే నాకు వివరంగా తెలిసింది. ఆఫీసులో రెండు టీమ్‌లు ఫైలు దాచుకోవడం నేను రోజూ చూసేదే. దానికి ఇంత ఖరీదు ఉంటుందా అని ఆ రోజు ఇంటికెళ్లాక కూడా అదే ఆలోచన.

టెర్రీ పద్ధతి ఒకటి నాకు బాగా నచ్చుతుంది. ప్రశ్న మరీ సొంత విషయం అనిపిస్తే చెప్పండి, వదిలేస్తాను అని అతిథులకు ముందే చెబుతారు. రాజకీయ నాయకులకు మాత్రం ఆ వెసులుబాటు లేదు! 2014లో స్వలింగ వివాహంపై అభిప్రాయం మారిందా, రాజకీయం మారిందా అని హిల్లరీ క్లింటన్‌ను తిప్పితిప్పి అడిగితే ఆమెకు చిరాకొచ్చింది. 2003లో అప్పటి ఫాక్స్ న్యూస్ టీవీ వ్యాఖ్యాత బిల్ ఓరైలీ అయితే ఇంటర్వ్యూ మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. దాని మీద శ్రోతల ఫిర్యాదులు చూసే ఎన్‌పీఆర్ సొంత అంబుడ్స్‌మనే టెర్రీని తప్పుపట్టాడు. అంటే అందరికీ ఒకే త్రాసు అని నేనూ అనను.

ఒకసారి మా అమ్మాయి వెనక సీట్లో ఉంది. వలస కుటుంబంలో పుట్టిన ఒకాయన, బడిలో తన పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదని చెబుతున్నాడు. ‘‘నేను కూడా స్కూల్లో వేరే పేరు చెప్తాను నాన్నా’’ అంది, కిటికీలోంచి చూస్తూనే. నక్షత్రం చూసి మా అమ్మ చెప్పిన అక్షరంతో పెట్టిన పేరది. మూడేళ్లుగా స్కూల్లో ఇంకో పేరుతో తిరుగుతోందట. ఆ ఎపిసోడ్ మిగతా సగం మేమిద్దరం వినలేదు, మాట్లాడుకుంటూనే ఇల్లు చేరాం.

రాజకీయాలే కావాలంటే మాత్రం ఇది మీకు సరిపడదు. సినిమా నటులు, సంగీతకారులూ ఎక్కువే; పాతవి మళ్లీ వేయడమూ ఉంది. నేను చాలా దాటేస్తాను. 2025లో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ రేడియోకి నిధులు తీసేశాక నెలనెలా కొంత పంపుతున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు విలేకరులతో చేసినవి ముందు వినండి. పిల్లలు కారులో ఉన్నప్పుడు వింటే ఇంకా మంచిది.