విశాఖ–విజయవాడ: విమానమా, రైలా?

విశాఖ విమానాశ్రయం నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి ఆకాశమార్గాన సుమారు 290 కిలోమీటర్లు. టికెట్ మీద వేసే ప్రయాణ సమయం దాదాపు గంట. అందులో గాల్లో ఉండేది ముప్పావు గంటే, మిగతాది విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడానికీ, దిగాక ఆగే చోటికి చేరడానికీ పోతుంది. రైలు దారి 350 కిలోమీటర్లు. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ దీన్ని నాలుగు గంటల్లో దాటిస్తుంది.

గంట, నాలుగు గంటలు అని చూసి మోసపోకండి. ఇంటి గుమ్మం నుంచి లెక్కేయండి. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకా ముందే చేరాలి. ఆపైన భద్రతా తనిఖీ, దిగాక సామాను కోసం ఎదురుచూపు. గన్నవరం నుంచి బెజవాడ ఊళ్లోకి మరో 20 కిలోమీటర్ల రోడ్డు. అన్నీ కలిపితే నాలుగు గంటలకు దగ్గరపడుతుంది. రైలైతే నేరుగా ఊరి నడిబొడ్డునే దింపుతుంది.

విశాఖ కోసం కట్టిన కొత్త భోగాపురం విమానాశ్రయం నుంచి ఎక్కాల్సి వస్తే నగరం నుంచి ఇంకో 40 కిలోమీటర్లకు పైగా కలుస్తుంది.

గన్నవరంలో దిగి మరో విమానం ఎక్కేవాళ్లకు విమానమే మేలు. పని బెజవాడలోనే అయితే నా ఓటు రైలుకే. రాజమండ్రి దగ్గర కిటికీలోంచి గోదావరిని చూడటం నాకు ఇప్పటికీ తనివి తీరదు.