గ్లోబల్ ఫారెస్ట్ వాచ్: ఉచితమే, కానీ గులాబీ రంగును గుడ్డిగా నమ్మొద్దు

అడవి ఎక్కడ ఎంత పోతోందో ఇంట్లో కూర్చుని చూడాలంటే దీన్ని మించిన సైట్ నాకు కనపడలేదు. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2014లో మొదలుపెట్టారు, పైసా కట్టక్కర్లేదు. మ్యాప్ మీద కావలసిన చోటు చుట్టూ గీత గీస్తే చాలు, 2001 నుంచి ఏ ఏడాది ఎంత చెట్ల కప్పు (పైనుంచి చూస్తే చెట్ల కొమ్మలు, ఆకులు కప్పేసిన నేల) పోయిందో లెక్క వచ్చేస్తుంది. బ్రెజిల్‌లోని రొండోనియాకి వెళ్లి జూమ్ చేయండి, రోడ్డు పొడవునా రెండువైపులా చేపముల్లులా అడవి ఎలా చీలిపోయిందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అయితే ఇక్కడే ఒక తిరకాసు. ఇది కొలిచేది చెట్ల కప్పుని, అడవిని కాదు. 5 మీటర్లు దాటితే దీని లెక్కలో చెట్టే, కాబట్టి కలప కోసం పెంచిన తోట కొట్టేసినా, వందల ఏళ్ల అడవి కాలిపోయినా మ్యాప్ మీద పడేది అదే గులాబీ రంగు. (ఈ ముక్క చదవకుండానే స్క్రీన్‌షాట్లు పెట్టి గోల చేసేవాళ్లకి ఏం చెప్తాం!) పొడి నేలల గురించి చూసేవాళ్లకి ఇంకో చిక్కు: మామూలుగా నేలలో 30 శాతానికి మించి చెట్లు కప్పిన చోట్లనే లెక్కేస్తుంది, పలచటి చిట్టడవులు అసలు లెక్కలోకే రావు. సెట్టింగుల్లో 10కి తగ్గించుకోండి.

వాళ్లదే ఫారెస్ట్ వాచర్ యాప్ ఉంది, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. నాలుగు స్టార్లు.