బూరెగాడి కాలు, 28 వేల ఎస్టిమేటు, ఈ క్లినిక్

ఈ పెంపుడు జంతువుల క్లినిక్‌కి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎక్కడ తెగిందో కూడా చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మాది విశాఖలో మర్రిపాలెం. ఇంటి ముందుగదిలోనే నా టైలరింగ్ షాపు. జూన్‌లో మా చిన్నాడు కాలవ గట్టు నుంచి ఒక ఊరకుక్క పిల్లని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. పొట్ట గుండ్రంగా ఉందని మా అత్తగారు దానికి బూరె అని పేరు పెట్టారు. తెచ్చిన మూడు వారాలకి ఒక సాయంత్రం మా ఆయన స్కూటీ స్టాండు తీసి వెనక్కి నెడుతుంటే వీడు చక్రం వెనకాల పడుకుని ఉన్నాడు. ఆ అరుపుకి హుక్కులు కుడుతున్న నా చేతిలో సూది వేల్లోకి దిగింది. వెనక ఎడమకాలు మోకాలి కింద నుంచి ఊగుతోంది.

ఇక ఇంట్లో తలో మాట. "వీధికుక్కలకి ఎవడు కడుతున్నాడు కట్లు? అదే అతుక్కుంటుంది" అని మా ఆయన. తప్పు తనది కదా, గొంతు కాస్త ఎక్కువే లేచింది. అత్తగారు పుత్తూరు కట్టు అన్నారు. ఆవిడ మణికట్టు విరిగితే దాంతోనే తగ్గింది మరి. కట్టు కట్టే ఆయనకి ఫోన్ చేస్తే నవ్వాపుకుంటూ "కుక్కలకి కట్టమమ్మా" అన్నాడు. నేనేమో పిల్లల పారాసిటమాల్ సిరప్ పోయబోయాను. చిన్నాడు అడ్డుపడ్డాడు కాబట్టి సరిపోయింది. మనుషుల నొప్పి మందులు కుక్కలకి పోయకూడదట, బ్రూఫెన్ లాంటివైతే కడుపులో పుళ్లు పడి కిడ్నీలు కూడా పోతాయట.

ఆ రాత్రే ఒక చోటికి తీసుకెళ్లాం, పేరు ఎందుకులెండి. ఒక్క ఎక్స్‌రే తీసి, రెండు నిమిషాల్లో "ప్లేటు వెయ్యాలి, 28 వేలు, సగం అడ్వాన్సు, పొద్దున్నే తీసుకురండి" అన్నారు. ఎందుకండీ అని అడిగితే "విరిగింది కదమ్మా" అన్నారు. నేను లైనింగ్ జాకెట్టుకి 350 తీసుకుంటాను. రాత్రంతా మామిడిపళ్ల అట్టపెట్టెలో వాడు మూలుగుతుంటే, నేను ఎనభై జాకెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. వాడి కాలు కంటే ఆ ఎనభై జాకెట్లే ఎక్కువ గుర్తొచ్చాయని చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, అదే నిజం.

పొద్దున్న బ్లౌజు కోసం వచ్చిన టీచరమ్మ ఈ ఎంవీపీ కాలనీ క్లినిక్ సంగతి చెప్పారు. ఆటో తాటిచెట్లపాలెం దాటేదాకా పడ్డ ప్రతి గతుక్కీ వాడు నా చెయ్యి కొరికాడు.

డాక్టరు గారు పాత ఫిల్మ్‌ని కిటికీకి అడ్డంపెట్టి చూసి, "ఒక వైపు నుంచే తీశారు, రెండో వైపు చూడకుండా ఏం చెప్తామమ్మా" అని పక్కనుంచి ఇంకోటి తీయించారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి వేలు పెట్టి చూపించారు. మోకాలి కింద రెండెముకలు ఉంటాయట. లావుది మధ్యలో విరిగింది, పక్కనున్న సన్నది విరగలేదు. "ఆ సన్నదే ఇప్పుడు దీనికి ఊతకర్ర. ముక్కలు పెద్దగా జరగలేదు, వయసు మూడు నెలలు కూడా లేదు. పెద్ద కుక్కకి రెండు మూడు నెలలు పట్టేది వీడికి మూడు నాలుగు వారాల్లో అతుక్కుంటుంది. కట్టు చాలు."

నాకు అనుమానం తీరలేదు. మరి వాళ్లు ఆపరేషన్ అన్నారే అంటే, ఆ డాక్టరుని ఒక్క మాట అనలేదు. "ప్లేటు తప్పని కాదు. ఇదే తొడ ఎముకైతే నేనూ ఆపరేషనే అనేవాణ్ణి. విరిగిన చోటికి పైకీలు, కిందికీలు రెండూ కదలకుండా కట్టాలి. తుంటికి కట్టు ఎలా నిలుస్తుంది?" అన్నారు. పిల్లల ఎముకల చివర్లలో పెరిగే భాగం మెత్తగా ఉంటుందట, అక్కడ స్క్రూలు అడ్డంగా పడితే ఎదుగుదల ఆగి కాలు పొట్టిదైపోవచ్చట. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ముందు రాత్రి ఎవరూ అడగలేదు: "వారానికోసారి కట్టు మార్చాలి, వీడు ఎదుగుతుంటాడు కాబట్టి బిగిసిపోతుంది. మర్రిపాలెం నుంచి రాగలరా? రాలేమంటే ఇప్పుడే చెప్పండి, అప్పుడు వేరే ఆలోచిద్దాం." మా ఆయన వైపు చూశాను. స్కూటీ మీద తనే తెస్తానన్నాడు.

మత్తు ఇంజక్షన్ ఇచ్చి కట్టారు. ముందు దూది, దాని మీద బ్యాండేజీ, పైన తడిపితే గట్టిపడే ఫైబర్ కట్టు. ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పేలా, ఎక్కడా మడత పడకుండా తిప్పుతుంటే చూడ్డానికి ముచ్చటేసింది. నా దగ్గర పనిచేసే అమ్మాయికి బోర్డర్ అలా కుట్టమని రెండేళ్లుగా చెప్తున్నాను. కింద మధ్యవేళ్ల గోళ్లు రెండూ బయటికి కనపడేలా వదిలారు. రోజూ అవి చూడాలి, రెండూ దూరం జరిగాయంటే కాలు వాస్తున్నట్టు, వెంటనే తెచ్చెయ్యాలి. మందుల షాపులో అంటగట్టిన కాల్షియం సిరప్ చూసి పక్కన పెట్టించారు, ఎదిగే పిల్లకి అది ఎక్కువైతే ఎముకలకే చేటట.

ఇప్పుడు తెగిన స్టారు. రెండో వారం వాన పట్టుకుంది. వీడు వాకిట్లో ఒంటికి పోసుకుని కట్టు తడుపుకున్నాడు. పైకి ఏం కనపడలేదు, రెండ్రోజుల తర్వాత ఎత్తుకుంటే పులిసిన పిండి వాసన. కట్టు విప్పితే మడమ దగ్గర రూపాయి బిళ్లంత పుండు. అది కడిగి మళ్లీ కట్టారు, మళ్లీ 900 తీసుకున్నారు. అప్పుడు కాంపౌండరు ఒక ఖాళీ సెలైన్ సంచి కత్తిరించి ఇచ్చాడు, బయటికి తీసుకెళ్లేటప్పుడు తొడిగి, లోపలికి రాగానే తీసెయ్యాలని. ఆ సంచి ఇచ్చి, ఆ మాట మొదటిరోజే చెప్పుంటే పుండూ పడేది కాదు, 900 మిగిలేవి. గోళ్ల గురించి చెప్పినవాళ్లు తడి సంగతి ఎలా మర్చిపోయారో. అదీగాక సాయంత్రం టోకెన్ ఇచ్చాక గంటన్నర కూర్చోబెడతారు, పిల్లులూ కుక్కలూ ఒకే గదిలో.

ఇరవయ్యారో రోజు ఎక్స్‌రేలో విరిగిన చోట మబ్బు పట్టినట్టు కొత్త ఎముక కనపడింది. కట్టు తీస్తే కాలు అగ్గిపుల్లలా ఉంది. వారం పాటు దాన్ని ఎత్తుకునే మూడుకాళ్ల మీద తిరిగాడు, తర్వాత గిన్నె చప్పుడు విని మర్చిపోయి నాలుగూ దించేశాడు. మందులతో, ఎక్స్‌రేలతో కలిపి ఇక్కడ మాకు అయ్యింది 7,250, పుండు 900 కూడా అందులోదే.

కట్టు చవక అని చదివి పరిగెత్తకండి. మా వెనకింటి వాళ్ల పామరేనియన్ సోఫా మీంచి దూకి ముందుకాలు విరుచుకుంటే ఇదే డాక్టరు గారు ప్లేటు వెయ్యాలన్నారు. అలాంటి సన్నకాళ్ల చిన్న జాతులకి ముంజేతి ఎముక కింది భాగానికి రక్తం తక్కువ అందుతుందట, ఉత్త కట్టుతో చాలాసార్లు అతుక్కోదట. వాళ్లు ముందు నా మీద కోపం తెచ్చుకున్నారు, మీకైతే కట్టు మాకైతే ఆపరేషనా అని.

వెళ్లేవాళ్లు పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఉంటే పట్టుకెళ్లండి, వెనక్కి ఇస్తారు. కుక్కని తీసుకెళ్లే పెట్టెలో పాత టవల్ ఒకటి ఎక్కువ పెట్టుకోండి, టెన్షన్‌లో అవి ఏదో ఒకటి చేసేస్తాయి. సెలైన్ సంచి మాత్రం మీరే అడిగి తీసుకోండి.