జాగ్రత్త: "1191 నాటి నిజమైన యెరూషలేము వర్చువల్ టూర్" అని అమ్ముతున్నారు, డబ్బులు కట్టొద్దు

ఫ్రెండ్స్, కొంచెం పెద్ద పోస్టే, కానీ మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా హోలీ ల్యాండ్ ట్రిప్‌కి రెడీ అవుతుంటే ఓపిగ్గా చదవండి. నేను 1,499 పోగొట్టుకున్నా, అది పోతే పోయింది, మా పెద్దమ్మ ముందు పరువు కూడా పోయింది.

మా పెద్దమ్మది గుంటూరు దగ్గర పల్లె. చర్చి వాళ్ళతో కలిసి యెరూషలేము వెళ్ళాలని ఎన్నాళ్ళ నుంచో చీటీ కట్టుకుంటోంది, మోకాళ్ళ నొప్పులు కదా, వెళ్ళేలోపు ఊరు ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో చూపించు నాన్నా అంది. నేను వెతుకుతుంటే ఒక సెకండ్ హ్యాండ్ సామాన్ల యాప్‌లో ఈ లిస్టింగ్ కనపడింది (యాప్ పేరు, అమ్మినవాడి పేరు ఇక్కడ రాయట్లేదు, ఎలాగూ రోజుకో పేరు మారుస్తున్నాడు). "1191 జెరూసలేం, హండ్రెడ్ పర్సెంట్ రియల్ హిస్టరీ, డిస్కవరీ టూర్ మోడ్, తెలుగు సబ్‌టైటిల్స్, ఫ్రీ హిస్టరీ పీడీఎఫ్" అని పెద్ద అక్షరాలతో పెట్టాడు, కింద ఏవో స్కూల్ పిల్లల ఫొటోలు కూడా. నేను ఇంకేం ఆలోచించకుండా యూపీఐ కొట్టేశా.

వచ్చిందేంటో తెలుసా, ఒక షేర్డ్ అకౌంట్ లాగిన్, అందులో 2007లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ మొదటి గేమ్, 1191 నాటి జెరూసలేం కూడా ఉన్న ఒక హంతకుడి కథ. అంతే. నేను ఇంజినీరింగ్‌లో రూమ్మేట్ లాప్‌టాప్‌లో ఆడిన గేమే, లిస్టింగ్ ఫొటోలో గుర్తుపట్టలేకపోయా చూడండి, నన్ను అనాలి.

గేమ్ మంచిదే, దాని మీద నాకేం కోపం లేదు. వాళ్ళు నిజాయితీగా మొదట్లోనే ఇది చరిత్ర నుంచి ప్రేరణ పొందిన కల్పిత కథ, రకరకాల మతాల వాళ్ళు కలిసి చేశారు అని స్క్రీన్ మీద వేస్తారు. వీడేమో దాన్నే చరిత్ర పాఠం అని అంటగట్టాడు. పైగా డిస్కవరీ టూర్ అనేది, గొడవలు లేకుండా ఊరు తిరిగి చూసే మోడ్, అదే సిరీస్‌లో ఈజిప్ట్ గేమ్‌కి 2018లో మొదలైంది, తర్వాత గ్రీస్, వైకింగ్స్ గేములకి వచ్చింది, ఈ జెరూసలేం గేమ్‌లో అలాంటిది లేనే లేదు. తెలుగు సబ్‌టైటిల్స్ సంగతి అయితే ఇంకా కామెడీ, అసలు ఈ గేమ్‌కి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ కూడా లేవు! లిస్టింగ్‌లో ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి కనపడినా అక్కడే క్లోజ్ చేసేయండి.

సరే, కొన్నాం కదా అని ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మని కుర్చీ వేసి కూర్చోబెట్టా. కళ్ళజోడు తుడుచుకుని మరీ కూర్చుంది. సొలొమోను దేవాలయం కింద సొరంగం సీన్ మొదలైంది, మొదలవగానే హీరో అడ్డొచ్చిన ఒక ముసలాయన్ని వెనక నుంచి పొడిచేశాడు. "ఇదేంట్రా, దేవాలయం అన్నావు" అంది. ఏం చెప్పను. ఎలాగోలా ఊళ్ళోకి తీసుకెళ్ళా, అక్కడ బిచ్చమడిగే ఆడవాళ్ళు దారికి అడ్డంపడి వెంటపడుతూనే ఉంటారు, ఆడినవాళ్ళకి తెలుసు ఆ నస. "పాపం ఆవిడకో రూపాయి ఇవ్వకూడదా నాన్నా" అంది. ఇవ్వడానికి బటనే లేదు పెద్దమ్మా అంటే నమ్మలేదు, నేనే పీనాసినని అనుకుంది. నాలుగో రోజు పాస్‌వర్డ్ మారిపోయింది. మెసేజ్ పెడితే "బ్రో డిజిటల్ ఐటమ్, నో రిఫండ్", ఆ తర్వాత బ్లాక్.

ఇక్కడితో అయిపోతే ఈ పోస్ట్ రాసేవాణ్ణే కాదు. అసలు నష్టం ఆ ఫ్రీ పీడీఎఫ్. పన్నెండు పేజీలు, తెలుగులోనే ఉంది, చూడ్డానికి నీట్‌గా ఉంది, పెద్దమ్మ దాన్ని ప్రింట్ తీయించి ప్రార్థన కూటంలో చదివి వినిపించింది. నేను తీరిగ్గా చదివితే తల తిరిగింది, మొత్తం గేమ్ కథనే చరిత్ర అని దించేశాడు.

మొదటి పేజీలోనే 1191లో యెరూషలేముని మజ్ద్ అద్దీన్ అనేవాడు పాలించాడు, జనాన్ని నడిబజారులో చంపించేవాడు అని ఉంది. ఆయన గేమ్ వాళ్ళు కథ కోసం సృష్టించిన పాత్ర. ఆ ఏడాది ఊరు ముస్లిం సుల్తాన్ సలాహుద్దీన్ చేతిలో ఉంది. 1187 జూలై 4న హత్తీన్ దగ్గర క్రూసేడర్ల (యూరప్ నుంచి మతయుద్ధానికి వచ్చిన క్రైస్తవుల) సైన్యాన్ని ఓడించి, అదే ఏడాది అక్టోబర్ 2న ఊరిని స్వాధీనం చేసుకున్నాడు, అది కూడా ఊరిని కాపాడుతున్న క్రైస్తవ నాయకుడు ఇబెలిన్ బాలియన్‌తో బేరం కుదుర్చుకుని, మగవాళ్ళకి తలకి పది దినార్లు, ఆడవాళ్ళకి అయిదు కట్టి బయటికి పోవచ్చని. 1099లో క్రూసేడర్లు ఊరు పట్టుకున్నప్పుడు జరిగిన ఊచకోత ఈసారి జరగలేదు. పీడీఎఫ్‌లో వీటి గురించి ఒక్క ముక్క లేదు.

రెండోది, టెంప్లర్ల (క్రూసేడర్లలో సన్యాసి యోధుల సంఘం) పెద్ద రాబర్ట్ డి సాబ్లే 1191లో యెరూషలేములో గుడి కింద నిధి తవ్వాడట. రాబర్ట్ నిజంగా ఉన్న మనిషే, ఆ ఏడాదే గ్రాండ్ మాస్టర్ అయ్యాడు, నిజమే. కానీ హత్తీన్‌లో దొరికిన టెంప్లర్లని సలాహుద్దీన్ వరసపెట్టి చంపించాడు, నాలుగేళ్ళ తర్వాత వాళ్ళ నాయకుడు ఆయన ఊళ్ళోనే దర్జాగా గుడి కింద తవ్వుకుంటుంటే చూస్తూ ఊరుకుంటాడా? టెంప్లర్లకి ఆ పేరు రావడానికి కారణం వాళ్ళు అంతకుముందు అల్ అక్సా మసీదులో కాపురం పెట్టి దాన్ని సొలొమోను దేవాలయం అనుకోవడం, 1187తో ఆ కాపురం అయిపోయింది. గేమ్‌లో రాబర్ట్ అర్సుఫ్ యుద్ధంలో చచ్చిపోతాడు, అర్సుఫ్ యుద్ధం 1191 సెప్టెంబర్ 7న నిజంగా జరిగింది, ఆయన మాత్రం 1193 దాకా బతికాడు. ఇలా సగం నిజం సగం కథ కలిపితే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి, నాకే రెండు రోజులు పట్టింది.

ఇంకా క్రూసేడర్లకి నాయకత్వం వహించిన ఇంగ్లండ్ రాజు రిచర్డ్ యెరూషలేము వచ్చాడని కూడా రాశాడు, ఇది గేమ్‌లో కూడా లేదు, వీడి సొంత కవిత్వం. రిచర్డ్ సైన్యం 1192లో రెండుసార్లు యెరూషలేము దగ్గర్లోని బేత్ నూబా దాకా వచ్చి వెనక్కి పోయింది, చివరికి ఆ సెప్టెంబర్‌లో సలాహుద్దీన్‌తో ఒప్పందం చేసుకుని క్రైస్తవ యాత్రికులు రావడానికి దారి తెరిపించాడు, ఆయన మాత్రం ఊళ్ళో అడుగు పెట్టలేదు.

ప్రయాణం కట్టేవాళ్ళకి ఇంకో సంగతి. పీడీఎఫ్ చివర్లో గేమ్ ఫొటోలు పెట్టి "మీరు వెళ్తే ఇవే గోడలు చూస్తారు" అన్నాడు. కాదు. ఆనాటి గోడల్ని 1219లో సలాహుద్దీన్ వంశంవాళ్ళు అయ్యూబీలే కూలగొట్టించారు, ఇప్పుడు మనం చూసే గోడలు ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ 1537 నుంచి 1541 మధ్య కట్టించినవి. 1191 నాటి మనిషి నిజంగా చూసి ఉండేవి ఇవాళ్టికీ ఉన్నాయి, డోమ్ ఆఫ్ ద రాక్ 692 నాటికే ఉంది (పైన మెరిసే బంగారు పూత మాత్రం 1990ల్లో వేసింది), యేసు సమాధి చర్చిని క్రూసేడర్లు తిరిగి కట్టి 1149లో ప్రతిష్ఠ చేశారు. మనవాళ్ళ టూర్లలో బేతెస్ద కోనేరు చూపిస్తారు కదా, దాని పక్కనే సెయింట్ ఆన్ చర్చి, అది కూడా క్రూసేడర్లదే, సలాహుద్దీన్ దాన్ని మదరసాగా మార్చిన 1192 నాటి అరబిక్ శాసనం తలుపు మీద ఇప్పటికీ ఉంది. పెద్దమ్మకి ఇది చెప్తే గేమ్ అంతా చూసినప్పటికన్నా సంతోషపడింది, తలుపు ఫొటో తీసుకొస్తానంది.

డబ్బులు పోయినవాళ్ళుంటే పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్, లిస్టింగ్ ఫొటో ముందు దాచుకోండి, బ్లాక్ చేశాక చాట్ మాయమైపోతుంది, నాకు సగమే మిగిలింది. ఆన్‌లైన్ మోసానికి 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మంచిది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను నాలుగు రోజులు వాడితో బతిమాలుకుంటూ కూర్చుని లేటుగా చేశా, కంప్లైంట్ నంబర్ వచ్చింది, ఇంకా చూడాలి. గేమ్ ఆడాలనుంటే అసలు స్టోర్‌లో మీ సొంత అకౌంట్‌తో కొనుక్కోండి, సేల్‌లో ఈ రేటు కన్నా చాలా తక్కువకే వస్తుంది, పాస్‌వర్డ్ ఎవడూ మార్చడు.

నిన్న చూశా, అదే లిస్టింగ్ కొత్త పేరుతో మళ్ళీ ఎక్కింది, ఈసారి 1,799. ఇంకా ఘోరం, పెద్దమ్మ ఇచ్చిన ప్రింట్‌ని జెరాక్సులు తీసి పక్క ఊళ్ళో రెండు ప్రార్థన కూటాల్లో పంచారట, ఆవిడ ఇప్పుడు ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి చించేయమని చెప్తోంది. మీ వైపు ఎవరి చేతిలోనైనా పన్నెండు పేజీల "యెరూషలేము చరిత్ర" కనపడి, మొదటి పేజీలో మజ్ద్ అద్దీన్ అని ఉంటే అదే ఇది.